వాట్‌గంజ్‌లో అడ్డొచ్చిన పిల్లి

ఎనభైల్లో ఓ పొద్దున హౌరాలో రైలందుకోవాలని ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ సందులో గబగబా నడుస్తుంటే పిల్లి అడ్డొచ్చింది. అలవాటు కొద్దీ ఆగిపోయాను. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న శ్రీకాకుళం ముసలమ్మ నవ్వింది.

“ఏటి బాబూ, ఆగిపోనావు? బిడ్డల్ని కాసే షష్ఠమ్మకి ఇక్కడ పిల్లే వాహనం. ఎల్లు, ఏటీ అవదు.”

“మీరు పెంచుతున్నదేనా?”

“మేం పెంచడవేటి? రేవు గోదాముల్లో గింజలకి ఎలకలొచ్చాయి, ఎలకలకి ఇదొచ్చింది. ఉండిపోనాది.”

ఇళ్లలో తిరిగే పిల్లిజాతి అంతా మొదట్లో అలాగే ధాన్యం గాదెల దగ్గరికి తనంతట తానే వచ్చి మనుషులకు అలవాటైందని ఎక్కడో చదివానన్నాను.

చేట ఆపి పకపకా నవ్విందామె. “అయితే మాలాగే! మేవూ ఆ బస్తాలు మొయ్యడానికొచ్చి ఉండిపోనాం. మమ్మల్నీ ఎవులూ పెంచనేదు.”

ఈలోగా పిల్లి మళ్లీ అడ్డొచ్చింది. ఈసారి నేనాగలేదు.