మేనమామల ఇంటిపేరు

మా ఇంటికి ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చారని అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో నాకు తెలిసినవాళ్లందరికీ చెప్పాను. రెండు నల్ల కార్లు, నలుగురు మనుషులు. గుడిలో ప్రసాదం వరసలో నిలబడి చెప్పినప్పుడు కార్లు మూడయ్యాయి. నిజానికి వచ్చింది ఊరి పోలీసు ఒక్కడే. సోఫా అంచున కూర్చుని, మంచినీళ్లు తాగి, మా అమ్మాయి చెప్పింది రాసుకుని వెళ్లిపోయాడు.

అది రెండువేల పది ప్రాంతం. నా భార్య పోయాక అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. దానికప్పుడు ముప్పై నాలుగేళ్లు. అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కలేక నేను పడే అవస్థ చూసి, కింద పడకగది ఉన్న టౌన్‌హౌస్ ఒకటి కుదుర్చుకుంది. నా గదికి ఏ రంగు కర్టెన్లు కావాలని కూడా అడిగింది. తీరా చూస్తే బ్యాంకు వాళ్లు లోన్ ఇవ్వం అన్నారు. ఎవరో టెక్సాస్‌లో దాని పేరు మీద మూడు క్రెడిట్ కార్డులు, ఒక కారు తీసుకుని, ఒక్క వాయిదా కూడా కట్టలేదట.

కార్డు కంపెనీతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగింది.

"నాన్నా, ఎవరో నేనే అని కాల్ చేసిందట. సెక్యూరిటీ క్వశ్చన్‌కి అమ్మ మెయిడెన్ నేమ్ కూడా కరెక్ట్‌గా చెప్పిందట. అమ్మ పుట్టింటి పేరు దానికెలా తెలుసు?"

"హ్యాకర్లు తల్లీ. రష్యా వాళ్లయి ఉంటారు. ఈమధ్య అంతా వాళ్లే" అన్నాను.

నాకు అప్పటికే తెలిసిపోయింది.

అంతకు ముందు ఏడాది దానికి చెప్పకుండా పెళ్లి బయోడేటా తయారుచేశాను. పుట్టిన తేదీ, సమయం, నక్షత్రం, గోత్రం, తండ్రి వివరాలు, మేనమామల ఇంటిపేరు. మనవాళ్ల బయోడేటాలో ఈ వరస మామూలే కదా. మేనమామల ఇంటిపేరంటే అమ్మ పుట్టింటి పేరే. అమెరికాలో బ్యాంకులు తాళంచెవిలా దాచమనే మాటను మేం రెండో పేజీలో అచ్చువేసి పంచుతాం.

అక్కడితోనైనా ఆగాల్సింది. ఐసెలిన్ అనే ఊళ్లో సంబంధాలు చూసే ఆవిడ ఒకరున్నారు. మా అమ్మాయి జీతం చెబితే ఫోన్‌లోనే నవ్వింది. "మీరు చెప్పేదాంట్లో సగం తీసేయాలటగా అన్నయ్యగారూ, అందరూ అంటారు" అంది. ఆ జీతం మాత్రం నేను పెంచి చెప్పింది కాదు. నిజం చెప్పినా నమ్మకపోయేసరికి పౌరుషం వచ్చింది. అమ్మాయి ఆఫీసుకి వెళ్లాక అలమరలో దాని పన్ను కాగితం, డబ్ల్యూ-టూ, తీసి స్కాన్ చేసి బయోడేటాకు జతచేశాను. జీతంతో పాటు, ఇక్కడ అప్పు పుట్టాలంటే అడిగే దాని సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఆ కాగితం మీద ఉంది. ఆ గడి వైపు చూడనైనా లేదు నేను. నేను చూపించాలనుకున్నది జీతమే కదా.

పోలీసు రిపోర్టు చేతికొచ్చాక అమ్మాయి, అందరి అప్పుల లెక్కలు దాచే మూడు క్రెడిట్ బ్యూరోలకు ఉత్తరాలు రాయడానికి కూర్చుంది. రిపోర్టు నకలు పెట్టి, తన ఫైలు మీద సెక్యూరిటీ ఫ్రీజ్ వేయమని అడగాలి. అది వేస్తే దాని పేరుతో ఎవరూ కొత్తగా అప్పు తీసుకోలేరు. తనకు కావాలన్నా వాళ్లు పంపే పిన్ నంబరు వాడి, కొన్నాళ్లు తీయించుకోవాలి. నేను స్టాంపులు అంటిస్తున్నాను. మూడో కవరు దగ్గర స్టాంపు పక్కన పెట్టాను.

"నేనే ఇచ్చాను."

"ఏమిచ్చావు?"

"నీ డబ్ల్యూ-టూ. సంబంధాల వాళ్లకి. బయోడేటాతో పాటు."

పెన్ను కింద పెట్టింది.

"ఎంతమందికి?"

"ఐదారుగురు."

"నాన్నా."

"పదిమంది ఉండొచ్చు."

"నీ మెయిల్ ఓపెన్ చెయ్."

ముప్పై ఒక్క మంది. జీవితమంతా ప్రతిదీ పెంచి చెప్పినవాణ్ని, అదొక్కటే తగ్గించి చెప్పాను.

అది అరవలేదు. అరిచినా బాగుండేది. "నాకు మ్యాచెస్ చూడొద్దన్నాను, సరే. కానీ పోలీస్ ఆయన నన్ను అన్ని క్వశ్చన్స్ అడుగుతుంటే పక్కనే కూర్చుని విన్నావు కదా" అంది. నా ముందున్న కవర్లు తన వైపు లాక్కుని మూడో స్టాంపు తనే అంటించింది.

తర్వాత ఆ ముప్పై ఒక్క మందికీ ఫోన్ చేసి, మెయిల్ తీసేయమని బతిమాలాను. "అయ్యో, మంచి సంబంధమని నేను ఇంకో నలుగురికి ఫార్వర్డ్ చేశానండి" అంది ఐసెలిన్ ఆవిడ. ఆ నలుగురూ ఎవరెవరికి పంపారో. దొంగ ఎవరో తేలనే లేదు. టౌన్‌హౌస్ వేరేవాళ్లు కొనుక్కున్నారు. దొంగ ఖాతాలన్నీ దాని పేరు మీద నుంచి పోయేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆఫీసు సంగతులు చెప్పడం మాత్రం మానేసింది. ఏమైందని అడిగితే "ఏం లేదు నాన్నా, నువ్వు తిను" అనేది.

ఆ తర్వాత ఒకసారి నా మోకాలు చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నా పక్కనే కూర్చుని ఫారం నింపుతోంది. ఖర్చుకు ఎవరు పూచీ అన్నచోట దాని పేరు, దాని సోషల్ సెక్యూరిటీ నంబరు రాయాలి. పేరు రాసింది. నంబరు దగ్గరికి వచ్చేసరికి ఎడమచెయ్యి కాగితం మీద అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి కావాలని చేసింది కాదు, ఆ ధ్యాసే దానికి లేదు. చెయ్యి అలవాటుగా వెళ్లిందంతే.

నేను కుర్చీ కాస్త అటు జరుపుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, అది రాయడం అయ్యేదాకా.