ఎడమ చెవి పోయాక

తొంభైల చివర్లో, అక్టోబరులో ఒక మధ్యాహ్నం మూడింటికి సరిహద్దు కొండల్లోని సైనిక పోస్టు చేరాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. రాళ్లు పేర్చి కట్టిన బంకరు, కిరోసిన్ స్టవ్వు, ఐదుగురం. వీపు మీద ఇరవై కిలోల బరువు. గాలి ఆగేది కాదు.

రేడియో ఆపరేటరుది హిందూపురం. నేను నోరు తెరవగానే, "ఏమప్పా, యాడ మీది? మాట మన పక్కదే ఉండాదే!" అన్నాడు. ధర్మవరం అన్నాను. ఆ ఐదు నెలలూ మా ఊళ్ల బొరుగుల ఉగ్గాని గురించి మాట్లాడుకుంటూ డబ్బా పప్పు తిన్నాం.

మార్చిలో ఉదయం ఏడింటికి ఒక షెల్లు నా ఎడమ పక్కన పేలింది. రాతిగోడ అడ్డముంది. ఒంటి మీద గీత పడలేదు. లేవబోతే కొండ పక్కకు ఒరిగిపోయింది. లేచాను, పడ్డాను. వాంతులు.

ఆపరేటరు సెట్టు అందుకుని, "ఒకరికి దెబ్బ. నిలబడలేడు. కిందికి దింపాలి" అని కబురిచ్చాడు. నాతో మాత్రం, "ఏం కాదులేబ్బా, మళ్లా వస్తావు" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు దాచలేదు. "ఒంటిని తూలకుండా నిలిపే లోపలి చెవి, ఎడమవైపుది, పోయింది. అది తిరిగి రాదు. మెదడే సర్దుకోవాలి. ఇప్పుడు కుడి చెవి వైపు నుంచి వచ్చే సంకేతాలు మెదడులో ఎడమవైపు కణాలను అణిచేస్తున్నాయి. ఆ కణాల మీద ఈ సంకేతాలను అందుకునే గ్రాహకాలు మెల్లగా మొద్దుబారితే, ఆ కణాలు మళ్లీ పలుకుతాయి. పడుకుంటే మెదడు నేర్చుకోదు. కళ్లు తిరిగినా సరే, తల తిప్పు."

మూడు నెలల్లో మెడికల్ బోర్డు. నడవలేకపోతే ఉద్యోగం ఉండదు.

సెలవు మీద ధర్మవరం వచ్చాను. ఇంట్లో నా భార్య మగ్గం నేసేది. గోడకు ఎర్ర పట్టుపోగు అంటించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"చూపు ఆడే పెట్టు. తల తిప్పు."

"కక్కొస్తాందే."

"కక్కుకో. మళ్లా తిప్పు."

వీధిలో తూలితే, చూసినవాళ్లు "పొద్దున్నే తాగినావా అబ్బా?" అన్నారు. ఆమె వాళ్లతో జగడానికి దిగింది. రెండు నెలలకు, తల తిప్పినా ఆ పోగు కదలకుండా నిలిచింది.

బోర్డు నన్ను ఉంచుకుంది, కొండలకు మాత్రం పంపలేదు. కొన్నేళ్లు స్టోర్సులో పనిచేసి పెన్షన్ మీద వచ్చేశాను. ఆ పోస్టు మళ్లీ చూడలేదు. ఆ గాలి మీద ఇప్పటికీ బెంగ.

అయినా కళ్ల ముందు నుంచి పోనిది, బోర్డుకు బయల్దేరే ముందురోజు నా భార్యతో ఎక్కిన పెనుకొండ కొండ. ఎక్కడం తేలికే. దిగడమే భయం. "పట్టుకోనా?" అంది. వద్దన్నాను. ఆమె ముందు దిగింది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. చేతులు వాటంతట అవే నా వైపు రాకుండా, కొంగును రెండు పిడికిళ్లలో బిగించి పట్టుకుంది.