ఆయ్ అన్న రోజు

మొన్న సాయంత్రం తార్నాకలో మా అపార్ట్‌మెంటు కింద మనవరాలు సైకిలు మీంచి పడి, ఏడవకుండా లేచి గౌను దులుపుకుంది. మోకాలు గీరుకుపోయింది. నేను దాన్ని వదిలేసి పొట్ట నొక్కి చూస్తూ, హ్యాండిల్ గుచ్చుకుందా చెప్పవే అని ప్రాణం తీశాను. "రక్తం కారేది అక్కడైతే నువ్వు చూసేది ఎక్కడమ్మా" అని మా అమ్మాయి విసుక్కుంది. దానికేం తెలుసు.

మాది గోదావరి వైపు. నాన్న ఇక్కడి యూనివర్సిటీలో గుమాస్తా, కాపురం క్యాంపస్ క్వార్టర్సులో. తెలంగాణ ఉద్యమం మొదటిసారి రేగిన ఆ ఏడాది నాకు తొమ్మిదేళ్ళు. బళ్ళు మూతపడ్డాయి. నాన్న ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఇంట్లో గుసగుసలు. అమ్మ ప్రార్థనలు పెంచి మాటలు తగ్గించింది. "బయట నోరు విప్పకే. ముందు ఆ ఆయ్ అనడం మానెయ్, ఆంధ్రావాళ్ళమని ఇట్టే పట్టేస్తారు" అని గుమ్మం దాటినప్పుడల్లా చెప్పేది. మా వైపు అవునండీ అనడానికి ఆయ్ అంటాం. అది నా నాలుక చివరే కూర్చుని ఉండేది.

ఆ రోజు అద్దె సైకిలు దొరికింది. దాని హ్యాండిల్‌కి ఒక పక్క రబ్బరు తొడుగు లేదు, ఉత్త ఇనప గొట్టం. సీటు అందక ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కుతూ హాస్టళ్ళ ముందు వాలులోకి వచ్చేసరికి బ్రేకు పట్టలేదు. పడ్డాను. హ్యాండిల్ గిర్రున తిరిగి పొట్టలో బలంగా గుచ్చుకుంది. ఊరేగింపుకు బయల్దేరుతున్న విద్యార్థులు పరుగున వచ్చారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"యాడ తాకింది బిడ్డా?" అన్నాడు వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకన్న. నేను నోరు విప్పలేదు. మోకాలికి రుమాలు కట్టి, పేరడిగారు, ఇల్లడిగారు. "మూగదేమోరా" అన్నాడొకడు. లోపల నొప్పి మెలిపెడుతోంది, కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. చెబితే వీళ్ళేం చేస్తారో, చెప్పకపోతే చచ్చిపోతానేమో. కళ్ళజోడు అన్న నా చెయ్యి పొట్ట వదలకపోవడం చూసి, అక్కడ మెల్లగా నొక్కి, "గీడ నొస్తుందా?" అన్నాడు.

"ఆయ్."

మూలిగాననుకుని చెయ్యి తీసేశాడు. అర్థం కాలేదేమోనన్న కంగారులో, "ఆయ్ అంటే అవునండీ" అనేశాను. అంతే, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఆంధ్రా పిల్లరా" అంటూనే అతను నన్ను ఎత్తుకున్నాడు. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, నినాదాలిస్తున్న జనంలోంచి "జరగండి, పిల్లకు కడుపుల దెబ్బ తాకింది" అని అరుస్తూ ఆస్పత్రికి చేర్చాడు. లోపల ప్లీహం చిట్లి రక్తం పోతోందట, కాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు డాక్టరు.

రిక్షాలో నేను ఇల్లెక్కడో చెప్పేశాను, కబురంది అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఆపరేషన్ చెయ్యాలెనట. పిల్ల ఏమన్న తిన్నదా? డాక్టరు అడుగుతున్నడు" అన్నాడతను. అమ్మ తలొంచుకుని నిలబడిపోయింది. "మాట్లాడమ్మా, నువ్వు చెప్పకుంటే ఎట్ల తెలుస్తది" అన్నాడు మెల్లగా. అప్పుడు అమ్మ భోరుమని, మా గోదావరి మాటల్లోనే అన్నీ చెప్పింది.

ఉద్యమం చల్లారి, మళ్ళీ రేగి, రాష్ట్రమూ వచ్చింది. కుట్ల మచ్చ కూడా ముడతల్లో కలిసిపోయింది. ఆ భయానికి మాత్రం ఇంకా తొమ్మిదేళ్ళే.