ముదీర్ ఓటు మీద ముద్ర

రెండువేల ఆరుల నేను అబుదాబి దిక్కు రువైస్‌ల ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసుల టైపిస్టుని. మా ముదీర్, అంటే మేనేజరు, అమెరికా ఆయన. ఆయన చెల్లెలు వాళ్ళ రాష్ట్రంల అటార్నీ జనరల్ పదవికి నిలబడ్డది. సర్కారు పెద్ద వకీలును జనం ఎన్నుకునుడేందో నాకు సమజ్ కాలే. "వకీలుకు ఓట్లేంది సార్?" అంటే నవ్విండు. పోటీ గట్టిగున్నదట, ఒక్క ఓటు గూడ పోవద్దట. పొద్దున లేస్తే ఆయనకు అదే ముచ్చట.

పోస్టుల ఓటు కాయితం వచ్చింది. నింపి, కవరు అంటించి, మీద సంతకం పెట్టి, "ఇయ్యాలే కొరియర్ చెయ్యి" అని నా చేతుల పెట్టిండు. మా ఆఫీసుల ముద్ర లేని కాయితం గడప దాటదు. ఒకసారి ముద్ర మరిచిన గేట్‌పాస్ పట్టుకొని మనుషులు రెండు గంటలు ఎండల నిలబడ్డరు, నేను బండబూతులు తిన్న. అప్పటిసంది సంతకం కనబడితే చాలు, నా చెయ్యి ఆగదు. ఆయన సంతకం మీద కంపెనీ గుండ్రటి ముద్ర టప్పున గుద్దిన. మంచిగ పడ్డదని మురిసిన గూడ.

సాయంత్రం బస్సుల డ్రైవర్ భాయ్‌కి చెప్పిన. నెల్లూరాయన. "ఎంత పని చేశావబ్బా! ఓటు కవరు మీద కంపెనీ ముద్రేస్తే చెల్లుద్దా?" అన్నడు.

కొరియర్ అప్పటికే పోయింది. చెప్తే నౌకరి పోతదేమో, చెప్పకుంటే ఆయన ఓటు పోతది. అన్నం ముద్ద దిగలే, ఒక్క తాన కూసోబుద్ధి కాలే. ఉత్తుత్త ఫైళ్ళు పట్టుకొని ఆయన గది ముందర తిరుగుడే తిరుగుడు. నాలుగోనాడు లోపలికి పోయి అంతా కక్కేసిన.

ఆయన మొహం ఎర్రబడ్డది. వెంటనే వాళ్ళ ఎలక్షన్ ఆఫీసుకు ఫోన్ చేసిండు. ముద్ర కింద సంతకం పోల్చరాక కవరు పక్కన పెట్టిన్రట. ఇంకోటి తెప్పించే టైము లేదు. ఖలాస్.

చెల్లెలు వేల ఓట్లతోని ఓడిపోయింది. "నీ ముద్ర ఓడగొట్టలేదులే" అన్నడు పెద్దమనిషి. నేను ఏడ్చిన, సిగ్గు లేకుంట. నీళ్ళిచ్చి, మాట మార్చెటందుకు, "మీ ఊర్ల నీ ఓటు ఎట్లేస్తవు?" అని అడిగిండు.

"నాకు ఓటే లేదు సార్. మొన్న సర్పంచ్ ఎలక్షన్లకు మా ఇంటామె పోయి చూస్తే నా పేరు కొట్టేసిన్రు. దుబాయ్ పోయినోనికి ఓటెందుకన్నరట."

"నువ్వేమన్నవ్?"

"పోనీ తియ్ అన్న."

ఆయన నన్నే చూస్తున్నడు. ఆయన ఓటు కోసం నాలుగు దినాలు తిండి మానినోణ్ణి, నాది పోతే ఒక్క పూట గూడ బాధపడలే. అప్పుడొచ్చింది కోపం, నా మీద నాకే.