మాష్టారి నిండు నిమిషం

మా కూర్మారావు మాష్టారు ఇక లేరు. ఈ దుర్వార్త నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నేనే నలుగురికీ చెప్పాల్సి వచ్చింది. శ్రీకాకుళంలో నేను పనిచేసే ఆసుపత్రిలో ఆ ఉదయం డ్యూటీ డాక్టరుని నేనే. శరీరధర్మశాస్త్రంలో నాకు ఓనమాలు దిద్దించిన గురువుగారి గుండె ఆగిపోయిందని నిర్ధారించే పని నా మీదే పడింది. ఇన్నాళ్లయినా ఆ దిగ్భ్రాంతి నన్ను వదల్లేదు. 

శ్రీకూర్మం దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి ఆయన. వైద్యం చదివి, ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలకు ఫిజియాలజీ బోధించడంలోనే జీవితం ధారపోశారు. మిగతా వాళ్లంతా మాకు సార్లు, మేడంలు. ఆయనొక్కరే మాష్టారు. తెల్లకోటు జేబులో స్టాప్‌వాచ్, రెండో జేబులో మడత పెట్టిన తువ్వాలు ఉండేవి. పాఠం మధ్యలో చెమట తుడుచుకుని, ఆ చెమట ఎందుకు పట్టిందో అక్కడికక్కడే మమ్మల్ని అడిగేవారు. ఎవరూ చెప్పలేకపోతే ఆ రోజు పాఠం అదే.

నేను భావనపాడులో సముద్రం మీద వేటకెళ్లే ఇంటి పిల్లని. తెలుగు మీడియం చదువు. మొదటి నెలల్లో రక్తప్రసరణ గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పమంటే నాలుక పిడచకట్టుకుపోయేది. ఫెయిలై బస్సు దిగితే మా అమ్మకి మొహం ఎలా చూపించాలన్న దిగులుతో తిండి సహించేది కాదు. ఒకరోజు మాష్టారు నన్ను పిలిచి, "ముందు నీ మాటల్లో సెప్పమ్మా. గుండెకాయకి ఇంగ్లీషు రాదు. అలాగని కొట్టుకోటం మానేసిందేటి?" అన్నారు. మా ఊరి మాటల్లోనే చెప్పాను. ఓపిగ్గా విని, అవే వాక్యాలను నా చేత ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి మార్పించారు.

ఫిజియాలజీ ల్యాబులో రోగులుండరు. మాకు మేమే రోగులం, మాకు మేమే వైద్యులం. నాడి చూడమంటే అందరం పావు నిమిషం లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి, పుస్తకంలో ఉన్న డెబ్బైరెండుకి దగ్గరగా సర్ది రికార్డులో రాసేసేవాళ్లం. మాష్టారు ఆ రికార్డులన్నీ బల్ల మీద పరిచి, మేమంతా ఒకే గుండె పంచుకుని పుట్టామా అని అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎదటి మనిషిని అడిగి సెయ్యి పట్టుకోండి. పట్టుకున్నాక నిమిషం నిండే వరకు వదలకండి. పావులో దొరకనిది మిగతా ముప్పావులో ఉంటాది" అన్నారు. మళ్లీ మొదటి నుంచి చేయించారు. ఆయన ఆచార్యత్వమంతా ఆ మూడు మాటల్లోనే ఉందని ఇప్పుడనిపిస్తుంది.

నా బాధ మరొకటి. భయం వేస్తే నా వేళ్ల చివర్లే కొట్టుకునేవి. ఎవరి చెయ్యి పట్టుకున్నా నా నాడే నాకు తగిలేది. నేను వైద్యానికి పనికిరానని ఆయన ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మాష్టారు నవ్వలేదు. నా కుడిచేతికి పక్క పిల్ల మణికట్టు అందించి, ఎడమచేతి వేళ్లను నా మెడ పక్కన పెట్టించారు. "ఇది నీది. అది ఎదటోలది. రెండూ ఇడివిడిగా నడస్తన్నాయా, నేదా సూడు. కలిసి నడిస్తే నువ్వు నిన్నే సూసుకుంటన్నావు" అన్నారు.

యూనివర్సిటీ ప్రాక్టికల్స్ రోజున ఆఖరి పేరు నాది. అందరికంటే ఎక్కువ బెదిరిపోయిన పిల్లకి తన చెయ్యే ఇవ్వడం మాష్టారికి ఏటేటా ఆనవాయితీ. ఆ ఏడాది ఆ పిల్లని నేనే. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు ముందుగా మాష్టారి నాడిని కాసేపు పట్టుకుని, అంతా సక్రమంగా ఉందని రాసుకున్నారు. తర్వాత నేను పట్టుకున్నాను. సగం నిమిషం దాటాక ఒక దెబ్బ తప్పింది. కాసేపటికి మరొకటి.  తప్పుతున్నవి నా వేళ్లా, ఆయన గుండెనా? ఎగ్జామినరు మాటకి ఎదురు చెప్పి, అది నా భయమేనని తేలితే ఏడాది చదువు పోతుంది. ఎడమచెయ్యి మెడ మీద పెట్టుకున్నాను. నాది ఎక్కడా ఆగకుండా పరిగెడుతోంది. నిమిషం నిండాక, దెబ్బలు తప్పుతున్నాయండీ అని చెప్పాను. ఎగ్జామినరుగారు కనుబొమలు ముడిచారు.

"నిజమేనండి. నాకు తెలుసును. నిమిషం సూస్తేనే దొరుకుతాది" అన్నారు మాష్టారు.

నేను పాసయ్యాను. ఆ సంతోషం హాస్టలు దాకా కూడా నిలవలేదు. తెలిసి కూడా ఈయన ఏం చేస్తున్నట్టు? ఆ దిగులు ఆ రోజు పట్టుకుని మరి వదల్లేదు. నేనూ, ఆయన భార్య సుభద్రమ్మగారూ పోరగా పోరగా విశాఖపట్నం వెళ్లి గుండె డాక్టరుకి చూపించుకున్నారు. మందులు వేసుకునేవారు గాని, లిఫ్టు ఎక్కమంటే మాత్రం వినేవారు కాదు. నేను కనిపిస్తే చాలు, చెయ్యి చాచేవారు. తప్పే దెబ్బలు ఏడాదికేడాది ఎక్కువయ్యాయి. "నాడి సూసేటప్పుడు ఏలు పనిసెయ్యాలమ్మా, మొకం కాదు. నీ మొకం సూస్తే నాకే బయ్యమేస్తన్నాది" అనేవారు. 

ఆ ఉదయం ఆయాసంతో తీసుకొచ్చారు. చెయ్యగలిగిందంతా చేశాం. మానిటర్ మీద గీత చదునైపోయింది. ఇక చాలమ్మా అని నా పైడాక్టరుగారు భుజం తట్టి వెళ్లారు. నేను మాత్రం అలవాటు కొద్దీ, మాష్టారూ, చెయ్యి పట్టుకుంటానండీ అని అడిగి మరీ పట్టుకున్నాను. తర్వాత బయటికొచ్చి సుభద్రమ్మగారికి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. ఆవిడ ఏడవలేదు.

"నిండా నిమిషం సూసేవా తల్లీ?" అని అడిగారు.

"రెండు నిమిషాలు సూసేనండి."

"రెండెందుకు?"

"మొదటి నిమిషంలో నాడి తగిలిందండి. ఉన్నారనుకున్నాను. మెడ మీద సెయ్యి పెట్టుకుని మళ్లీ సూసేను. అది నాది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కొత్త బ్యాచ్ పిల్లలు వస్తారు. పావు నిమిషం చూసి డెబ్బైరెండు రాస్తారు. వాళ్ల రికార్డులు బల్ల మీద పరిచి అడిగే మనిషి ఆ ల్యాబులో లేడు. ఆ లోటు తీరేది కాదు. మాష్టారూ, ఎవరి చెయ్యి పట్టుకున్నా నిమిషం నిండే దాకా వదలను. మీకు నేను ఇవ్వగలిగిన నివాళి అంతకంటే లేదు. మీ మణికట్టు దగ్గర మాత్రం ఆ రెండో నిమిషం కూడా నిండిపోయింది.