కంట్రోలరప్ప మూడు పెట్టలు

బాగేపల్లి బస్టాండులో ముప్పై ఏండ్లు కంట్రోలరుగా విజిల్ ఊది బస్సులను కదిలించిన చెన్నరాయప్ప, రిటైరై సొంతవూరు చాకవేలు చేరాక, కదిలించడానికి ఏమీ దొరక్క చాలా ఇబ్బంది పడ్డాడు. భార్య అక్కయమ్మ కదలదు. ఆమెను కదిలించే విజిల్ ఇంకా తయారుకాలేదు. ఊరి కుక్కలు ఎవరూ చెప్పకుండానే కదులుతాయి. సరిగ్గా ఇటువంటి సమయంలో ఆయన దృష్టి కోళ్ళ మీద పడింది.

ఒకరోజు టీ అంగట్లో, ఎవరూ అడగకుండానే లేచి నిలబడి ప్రకటించాడు: "ఇంగ మా ఇంట్లో అంగడి గుడ్డు కనపడితే నా పేరు చెన్నరాయప్పే కాదు."

ప్రమాదమేమీ లేని ప్రతిజ్ఞ. ఊళ్ళో ఆయనను ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ కంట్రోలరప్పే.

చింతామణి సంతకు పోయి మూడు నాటు పెట్టలు తెచ్చాడు. తిరుగు బస్సులో కండక్టరు, "మీ కోళ్ళకు టికెట్టేంది సార్" అని మొగమాటపడితే, నియమం నియమమేనని మందలించి మూడింటికీ టికెట్ కొట్టించాడు. ఇల్లు చేరగానే నామకరణం జరిగింది. తెల్లదానికి ఐరావత, చుక్కలదానికి రాజహంస అని కర్ణాటక సర్కారు పెద్ద బస్సుల పేర్లు పెట్టాడు. మట్టిరంగుది మిగిలింది. అది నాలుగడుగులకొకసారి ఆగి ఏదో ఒకటి పొడుస్తూ ఉండేది. ప్రతి ఊళ్ళోనూ ఆగే మామూలు బస్సు పేరు, సారిగె, దానికి అతికినట్టు సరిపోయింది.

తరువాత నివాసం. దాన్ని గూడు అనడం అన్యాయం. ఇనుప కమ్మీలు, నాలుగువైపులా జాలీ, లోపల ఇసుక, పైన ఎల్‌ఈడీ బల్బు. గుడ్లు పెట్టడానికి మూడు అరలు, వాటి మీద పెయింటుతో ప్లాట్‌ఫారం ఒకటి, రెండు, మూడు. పొద్దున్నే పెరట్లోకి వదిలేవాడు. అవి అటూ ఇటూ తిరిగి, వేళకు తమ తమ ప్లాట్‌ఫారాలకు వచ్చి, గుడ్డు దించి పోవాలని ఏర్పాటు. ఏ పెట్టయినా లోపలికి తొంగి చూసిందా, వెంటనే ఆయన తలకూడా లోపలికి వచ్చేది. ప్రోత్సాహానికి.

సాయంకాలం వాటిని లోపలికి రప్పించడానికి విజిల్ ఊదాడు. బాగేపల్లిలో బస్సులు ఏం చేసేవో కోళ్ళూ అదే చేశాయి. వెళ్ళిపోయాయి.

అక్కయమ్మ గుప్పెడు రాగులు చల్లి "బా బా బా" అనేసరికి మూడూ పరుగెత్తుకుంటూ వచ్చాయి.

"బతుకంతా పొమ్మనే ఊదితివి కదప్పా," అంది మొగుణ్ణి చూసి. "రమ్మని ఎప్పుడన్నా ఊదినావా?"

అంతలో సారిగె వచ్చి చెన్నరాయప్ప చెప్పు మీద కూర్చుంది. క్రమశిక్షణ లేని కోడి అని గట్టిగా తిట్టాడు. అది లేచేదాకా మాత్రం కాలు కదపలేదు. ఆ తరువాత ప్రతి సాయంకాలమూ తిట్టాడు, ప్రతి సాయంకాలమూ ఆ కాలు తిమ్మిరెక్కింది. రిటైరైన తరువాత ఆయన దగ్గరికి పనిగట్టుకుని వచ్చే ప్రాణి అదొక్కటే అన్న సంగతిని ఆయన ఎక్కడా ప్రకటించలేదు.

గుడ్డు మాత్రం రాలేదు. చలికాలం పోయింది, మామిడి పూత రాలింది, ప్లాట్‌ఫారాలు మూడూ నిర్మానుష్యంగానే ఉన్నాయి.

"రాగులు తినేదానికి కరెక్టుగా వస్తాండాయి," అంది అక్కయమ్మ. "ఉగాదిలోపల గుడ్డు పెట్టకుంటే వర్షతొడక్కి మూడిట్నీ పులుసులో ఏస్తా. చెప్పలేదనొద్దు."

ఉగాది నాడు బెల్లం పూర్ణం ఓళిగలు, మరునాడు వర్షతొడకు. ఆ రోజు మాంసం వండని ఇల్లు ఆ సీమలో అరుదు. ఆ రోజు ఏం చేస్తే ఏడాదంతా అదే చేస్తారని పెద్దల మాట. అక్కయమ్మ మాట పెద్దల మాటకన్నా గట్టిది.

పెరటి గోడకు అవతల మునివెంకటమ్మ ఇల్లు. ఆమెకు రెండు ఆవులు, ఒక పుంజు, ఒక ముసలి పెట్ట. రోజూ పొద్దెక్కేవేళ ఆమె కొట్టంలోంచి కొక్కొక్కో అని గుడ్డు పెట్టిన కూత ఘనంగా వినిపించేది. ఈకలు రాలి, ఒక కన్ను మూసుకుపోయిన ఆ ముసలిదాన్ని తలుచుకుని చెన్నరాయప్ప మనసు పొంగేది. ఈ వయసులో ఈ సేవ! విశ్రాంత జీవులను పనికిరానివాళ్ళని ఎవరు అన్నది?

అక్కయమ్మ చూడకుండా గోడ దగ్గరికి పోయి గుడ్డు ఒకటి కావాలని అడిగాడు. మునివెంకటమ్మ ఆయన ముఖం కాసేపు చూసి, లోపలికి పోయి, ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డు తెచ్చి ఇచ్చి, డబ్బు కొంగున కట్టుకుంది.

"ముసలిదయినా ఎంత బాగా పెడతాండాదమ్మా!"

"అంతా దేవుని దయప్పా," అందామె.

ఆ గుడ్డు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద వెలసింది. అప్పటినుంచి దినం మార్చి దినం వెలుస్తూ వచ్చింది. చెన్నరాయప్ప కోళ్ళను కాపాడానని పొంగిపోయాడు. అబద్ధానికి ఒక గుడ్డు చాలదని ఆయనకు తెలియదు.

"ఒక్కొక్కటే వస్తాండాది," అంది అక్కయమ్మ. "పెట్టేది యాదో ఒగటే. దాన్ని ఉంచుకుని తక్కిన రెండూ కోద్దాం. ఏది పెడతాండాది?"

"మూడూ పెడతాయే. షిఫ్టు పద్ధతి."

"షిఫ్టా?"

"ఒకదాని తరువాత ఒకటి."

అక్కయమ్మ వాదించలేదు. ఉగాదికి రెండు దినాల ముందు పెట్టలను మూడు గంపల కింద విడివిడిగా మూసింది. ఏ గంప కింద గుడ్డు కనపడితే ఆ కోడికి ప్రాణభిక్ష.

చెన్నరాయప్ప గోడ దగ్గరికి పరుగెత్తాడు. మునివెంకటమ్మ దగ్గర నిన్నటిది ఒకటి మిగిలి ఉంది. దాన్ని చేతిలో పెట్టుకుని గంపల ముందు నిలబడినప్పుడు, ముప్పై ఏండ్ల సర్వీసులో రాని కష్టం వచ్చింది. మూడు బస్సులు, ఒక్క పర్మిట్. చివరకు గుడ్డు సారిగె గంప కిందికి తోశాడు. తోసి, ఐరావత, రాజహంసల వైపు చూడలేక లోపలికి పోయాడు.

మరునాడు మునివెంకటమ్మ దగ్గర కూడా గుడ్డు లేదు. ఉగాది నాడు ఓళిగ నోట్లో పెట్టుకునే మళ్ళీ గోడ దగ్గరికి పోయాడు.

"ల్యావప్పా గుడ్లు."

"ముసలిదానికి ఒంట్లో బాగలేదా?"

మునివెంకటమ్మ చీపురు ఆపింది. "ముసలిదా? అది గుడ్డు పెట్టి మూడేండ్లాయ. పెట్టే కోళ్ళు రెండు దినాలనుంచి రాలేదు, నేనేం చేసేది?"

"యాడివి ఆ కోళ్ళు?"

"మీవే. తెల్లది, చుక్కలది, ఇంగొకటి అడుగడుక్కీ ఆగతాదే, అది. నా కొట్టంలో చీకటి మూల పాతగంప ఉండాది. గోడెక్కి వచ్చి అందులో పెట్టిపోతాయి. మీ గూట్లో లైటంట, మనిషి తల పెడతాడంట, ఇప్పుడు గంపల కింద మూసినారంట. యా ఆడదైనా అట్ల కంటాదా?"

"నావని తెలిసీ నాకే అమ్మితివా!"

"నువ్వు గుడ్డు అడిగితివి, ఇచ్చినా. ఎవురిదని అడిగితివా?"

చెన్నరాయప్ప గోడ పట్టుకుని నిలబడ్డాడు. కోళ్ళు చేసిన ద్రోహం కన్నా ఆ ముసలి పెట్ట బండారం ఆయనను ఎక్కువగా బాధించింది. ఇన్నాళ్ళూ తన సేవాధర్మానికి ఆదర్శమని నమ్మింది ఉత్త పెన్షనుదారని తేలింది.

ఇక రెండే దారులు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, రేపు రెండు కోళ్ళు పులుసవుతాయి. నోరు తెరిస్తే కోళ్ళు దక్కుతాయి. గంపల దగ్గరికి వచ్చాడు. రాజహంస సందులోంచి ఒక కంటితో చూసింది. చెన్నరాయప్ప వంటింటి గడపలో నిలబడి, ఆలస్యంగా వచ్చిన బస్సు గురించి ప్రయాణికులకు చెప్పే గొంతుతో అంతా చెప్పేశాడు.

అక్కయమ్మ ఓళిగ తిప్పడం ఆపలేదు.

"అంటే, మన కోడి గుడ్డును మనమే కొని, మన గూట్లోనే పెట్టినావు."

"అవును."

"దానికి లైటు కూడా ఏసినావు."

"అవును."

ఆమె పెనం దించి, పెరట్లోకి పోయి గంపలు మూడూ ఎత్తింది. సారిగె దారిలో నాలుగుసార్లు ఆగి, గోడెక్కి, అవతలికి దిగింది. తక్కిన రెండూ వెనకాలే పోయాయి.

"పెట్టే కోళ్ళను కోసేంత పిచ్చిదాన్నా," అంది అక్కయమ్మ. తరువాత కొంగు దోపుకుని తనూ గోడ దగ్గరికి పోయింది. అక్కడ చాలాసేపు గట్టిగా చర్చలు జరిగాయి. కొట్టం నాది, గంప నాది, పుంజు నాది అని మునివెంకటమ్మ. రాగులు మావి అని అక్కయమ్మ. చివరికి గుడ్లు చెరిసగం అని తేలింది. ఆ పాతగంపనే తెచ్చి ప్లాట్‌ఫారం మీద పెడితే ఎట్లుంటుందని చెన్నరాయప్ప అడిగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఆయనను ఒకేలాగ చూశారు.

వర్షతొడకు పొద్దున చెన్నరాయప్ప బాగేపల్లి అంగడి క్యూలో నిలబడి తెచ్చిన మాంసం పొయ్యి మీద ఉడుకుతుండగా, ఆయనను గుడ్లలో సగం వాటా తెమ్మని కొట్టానికి పంపారు. మునివెంకటమ్మ ఆవుల ముందు పీట వేసింది.

"అటు తిరిగి కూచోప్పా. చూస్తే పెట్టవు."

కూర్చున్నాడు. వెనక చీకట్లో గడ్డి కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ఆగి ఆగి కదులుతోంది కాబట్టి ఎవరో తెలిసింది. తల తిప్పాలనిపించింది. జేబులోని విజిల్‌ను గట్టిగా పట్టుకుని ఆవు ముఖమే చూశాడు. కాసేపటికి వెనక కూత లేచింది. ఆ తరువాత ఏదో వచ్చి ఆయన చెప్పు మీద కూర్చుంది.

ఆ రోజు ఏం చేస్తే ఏడాదంతా అదే చేస్తారని పెద్దల మాట. ఇప్పుడు చాకవేలులో ఎవరైనా కంట్రోలరప్ప కోసం వస్తే, ఇంట్లో ల్యాడు, పక్కింటి కొట్టంలో ఆవును చూస్తాండాడు అని చెప్తారు.