నేను మాన్పించిన సూదిమందు

ఫిబ్రవరి చివర్లో ఆర్మూరు నుంచి నాకు నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు సుగుణమ్మ, వయసు అరవై మూడు. భర్త విశ్వనాథం గారు పసుపు కమీషన్ వ్యాపారి. రెండేళ్ల కిందట ఒక వారపత్రికలో నేను రాసిన వ్యాసం చదివి, డాక్టరు నెలనెలా ఇస్తున్న బి12 సూదిమందు మానేశారట. దానికి బదులు రోజూ పొద్దున్నే సద్దన్నం తింటున్నారట. తన భజన మండలిలో ఐదుగురు ఆడవాళ్లతో కూడా మాన్పించారట. "కాళ్లల్ల తిమ్మిర్లు జర ఎక్కువైనయి గని, వయసు మీద పడ్డది గదా. మీరు ఒక్కసారి మా ఊరికి రావాలె" అని ఉత్తరం ముగించారు.

నేను హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెబుతాను. ఆ వ్యాసంలో రాసింది ఇదీ: బి12 విటమిన్‌ను మొక్కలూ జంతువులూ తయారు చేసుకోలేవు, కొన్ని సూక్ష్మజీవులే చేస్తాయి, రాత్రంతా నానిన అన్నంలో సూక్ష్మజీవులు ఉంటాయి, కాబట్టి మన అవ్వల కుండలోనే ఆ మందు ఉంది, సూది అక్కర్లేదు. మొదటి మాట నిజం. అన్నంలో సూక్ష్మజీవులు ఉంటాయన్నదీ నిజమే. కుండలోనే ఆ మందు ఉందన్నది మాత్రం నేను కట్టిన మాట. అన్నం పులిస్తే కొన్ని బి విటమిన్లు పెరగవచ్చు గాని, బి12కు దాని మీద ఆధారపడే వీల్లేదు. నేను చూసిన పరిశోధన పాత పద్ధతిలో చేసింది. ఆ పద్ధతి, బి12 లాగే కనిపించి మనిషి ఒంటికి పనికిరాని అణువులను కూడా లెక్కలో కలిపేస్తుంది.

ఈ సంగతి నా పాత విద్యార్థిని ఒకామె పోయిన ఎండాకాలమే ఫోన్ చేసి చెప్పింది. "చూస్తానమ్మా" అన్నాను. చూశాను కూడా. ఆమె చెప్పిందే నిజం. కానీ అప్పటికే ఆ వ్యాసానికి కాలేజీలో నాకు శాలువా కప్పారు. సవరణ రాయలేదు.

ఉత్తరం అందిన సాయంత్రమే అందులోని నంబరుకు ఫోన్ చేశాను. "అమ్మా, ముందు సూదిమందు మళ్లీ మొదలుపెట్టండి" అన్నాను. సుగుణమ్మ గారు నవ్వారు. "మా డాక్టరమ్మ గూడ గదే అంటది మేడం. మీరే గదా వద్దని రాసిన్రు" అన్నారు. నా తప్పని చెప్పడానికి నోరు రాలేదు. "శనివారం వస్తున్నాను" అని పెట్టేశాను.

శనివారం పొద్దున ఆరున్నరకు జూబ్లీ బస్టాండులో నిర్మల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆర్మూరు వెళ్లేవారికి నిజామాబాద్ బస్సు కన్నా ఇదే సుఖం. పెద్ద రోడ్డు వెంటే పోయి పెర్కిట్‌లో దింపుతుంది, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలు ఉంటాయి. ఎండ పడకూడదనుకుంటే ఎడమవైపు కూర్చోవాలి. నాకు కుడివైపు దొరికింది.

మేడ్చల్ దాటాక పక్క సీటావిడ మాట కలిపింది. బాల్కొండ దగ్గర పల్లె, బీడీలు చుడుతుందట. కూతురిని చూసి వస్తోంది. నేను కాలేజీలో సైన్సు చెబుతానని తెలియగానే చీర కొంగు ముడిలోంచి గోలీల పట్టీ తీసింది.

"గీ బీకాంప్లెక్సు ఏస్కున్నప్పటి సంది ఒంటికి పోతే పసుపు నీళ్లలెక్క వస్తున్నది మేడం. ఏమన్న అయితదా?"

"ఏం కాదు. ఇందులో బి2 ఉంటుంది, దాని రంగే పసుపు. ఒంటికి కావలసినంత ఉంచుకుని మిగిలింది బయటికి పంపిస్తుంది."

"గంతేనా! పది రోజుల సంది పరేషాన్ అయితున్న" అని ఆమె అక్కడికక్కడే ఒక గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నేను చెప్పింది ఈసారి సరైనదే. అయినా ఆమె గొంతులోకి ఆ గోలీ దిగేదాకా చూస్తూ ఉన్నాను. నేనెవరో ఆమెకు తెలియదు. పేరైనా అడగలేదు.

తొమ్మిదింటికి కామారెడ్డిలో పది నిమిషాలు ఆగింది. టీ తాగాను, ఇడ్లీ సగం వదిలేశాను. పదీ ముప్పావుకు పెర్కిట్‌లో దిగాను. ఆటో అతను విశ్వనాథం గారి పేరు చెప్పగానే "పసుపు సేటు ఇల్లా? కూసోర్రి" అని, ఎక్కాక ఇరవై రూపాయలన్నాడు. ఊరి పక్కనే నల్లటి రాతిగుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు. పసుపు తీసే కాలం కావడంతో ట్రాక్టర్ల మీద బస్తాలు పోతున్నాయి. గాలిలో పచ్చి పసుపు ఉడికిన వాసన.

సుగుణమ్మ గారు గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. నన్ను చూసి రెండు చేతులూ జోడించి, మెట్టు దిగబోయి, చటుక్కున తలుపు చెక్క పట్టుకున్నారు. తర్వాత కిందికి చూసుకుంటూ ఒక్కో పాదం దూరదూరంగా వేసి దిగారు. చీకట్లో నడిచేవాళ్లు అలా నడుస్తారు. అప్పుడు పట్టపగలు పదకొండు గంటలు.

చెప్పాల్సింది అక్కడే. చెప్పలేదు.

లోపల గోడకు నా వ్యాసం ఉంది, ప్లాస్టిక్ తొడుగు వేయించి, దేవుడి పటాల వరసలోనే. విశ్వనాథం గారు మంచినీళ్లు ఇచ్చి, "మీరొస్తున్నరని మూడు రోజుల సంది గిదే ముచ్చట మేడం" అన్నారు. సుగుణమ్మ గారు తన రక్త పరీక్ష కాగితం తెచ్చి చూపించారు.

"రక్తం మంచిగున్నదన్నరు. సూది బంద్ చేసినంక గూడ తగ్గలే. ఫోలిక్ గోలీ ఒక్కటి ఏస్కుంటున్న, ఆకుకూర మస్తు తింటున్న. మీరు రాసినట్టే."

ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. ఫోలిక్ ఆమ్లం కూడా బి విటమినే. అది సరిగా అందితే బి12 లేకపోయినా రక్తం బాగున్నట్టే కనిపించవచ్చు. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. దీన్ని ప్రతి ఏడూ రెండో సంవత్సరం పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. పైగా ఆమెకు పన్నెండేళ్లుగా షుగరు. దానికి ఆమె వాడే గోలీ కూడా తిన్నదాంట్లోని బి12ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. పాలూ పెరుగూ తీసుకునే మనిషికి సూది ఎందుకు రాశారో ఆమె డాక్టరుకు తెలుసు. వ్యాసం రాసేటప్పుడు నేను ఆ డాక్టరు గురించి ఆలోచించలేదు.

పన్నెండున్నరకు భోజనం పెట్టారు. నాకోసం ప్రత్యేకంగా మట్టికుండలో నానబెట్టిన సద్దన్నం, పెరుగు, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు. చాలా రుచిగా ఉంది. ఆ మాటే అన్నాను. "అంతా మీ రాత మహిమనే మేడం" అని ఆమె మళ్లీ వడ్డించారు. అది రెండో అవకాశం. అన్నం మింగుతూ దాన్ని కూడా పోనిచ్చాను.

మూడు గంటలకు విశ్వనాథం గారు తన కారులో ఆలూర్ రోడ్డు మీద ఒక రైతు కళ్లానికి తీసుకెళ్లారు. పసుపు మీద కూడా నేను ఏదైనా రాయాలని వాళ్ల కోరిక. పెద్ద డ్రమ్ముల్లో ఆవిరి పట్టి కొమ్ములు ఉడికిస్తున్నారు. ఉడికినవాటిని సిమెంటు గచ్చు మీద పరిచి ఎండబెడుతున్నారు. ఆడవాళ్లు చేటలతో తిరగదోస్తున్నారు. చూడదలచినవాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున్నే పోవాలి. మధ్యాహ్నం గచ్చు కాలుతుంది. నా చెప్పుల్లోంచే వేడి తెలుస్తోంది.

సుగుణమ్మ గారు నాకు కొమ్ములు చూపిస్తూ ముందు నడుస్తున్నారు. కుడికాలి చెప్పు జారి వెనక పడిపోయింది. ఆమె ఆగలేదు. మాట్లాడుతూనే ఆ గచ్చు మీద ఒట్టికాలితో పది అడుగులు వేశారు. చేట పట్టుకున్న ఒకామె "సేటమ్మా, చెప్పు!" అని అరిచింది. సుగుణమ్మ గారు కిందికి చూసి, "అగో, ఎప్పుడు ఊసిపోయిందో" అని నవ్వారు.

నేను ఆమెను షెడ్డు నీడకు తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టి పాదం చూశాను. ఎర్రగా కందింది. మడమ దగ్గర ఒక తుమ్మముల్లు దిగి ఉంది. చుట్టూ రక్తం నల్లగా ఎండిపోయింది. దిగి రెండు మూడు రోజులై ఉంటుంది. నేను లాగితే ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

ముల్లు చేతిలో పట్టుకుని చెప్పాను. "అమ్మా, ఇది వయసు కాదు. నరాలు దెబ్బతింటున్నాయి. సూదిమందు మానడం వల్ల. నేను రాసింది తప్పు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. విశ్వనాథం గారికి అయింది. ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. నేను మొత్తం చెప్పాను, పాత పద్ధతి గురించి, పనికిరాని అణువుల గురించి, రక్తం కాగితం గురించి. ఆమె అంతా విన్నారు.

"గిది తప్పని మీకు ఎప్పుడు తెల్సింది?"

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. "పోయిన ఎండాకాలం."

"గప్పుడే ఎందుకు రాయలే?"

"సిగ్గనిపించింది."

ఆమె తన పాదం వైపు చూసుకున్నారు. "నీకు సిగ్గయితదని నా కాళ్లు పోవాల్నా?" అన్నారు. మేడం అన్న మాట పోయింది. మీరు అన్నదీ పోయింది.

విశ్వనాథం గారు గట్టిగా మాట్లాడలేదు. "తడి పసుపును ఎండిందని చెప్పి అమ్మితే, ఆ రైతు బస్తా మల్ల మా షాపుల దించం" అన్నారు. తర్వాత కారు తలుపు తీసి, "దవాఖానకు పోదాం, ఎక్కుర్రి" అన్నారు. ఆ మాట ఇద్దరికీ కలిపే అన్నారు.

అయిదింటికి దవాఖానలో డాక్టరమ్మ ఉన్నారు. చిన్న వయసు. సుగుణమ్మ గారిని కళ్లు మూసుకుని నిలబడమన్నారు. రెండు క్షణాల్లో ఆమె పక్కకు తూలితే నర్సు పట్టుకుంది. మడమ కడిగి కట్టు కట్టించాక డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ, "ఆ వ్యాసం పట్టుకొని నా దగ్గరికి ఇంకిద్దరు వచ్చిన్రమ్మా. రాసినోళ్లు ఒక్కరోజు వచ్చి ఇక్కడ కూసుంటే తెలుస్తది" అన్నారు.

"వచ్చింది. ఈమెనే" అన్నారు సుగుణమ్మ గారు.

డాక్టరమ్మ కలం ఆపారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. ఆవిడ సుగుణమ్మ గారికి సూది ఇచ్చి, మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి అని చెప్పారు. "నడక తిరిగి మంచిగయితదా?" అని విశ్వనాథం గారు అడిగితే, "కొంత అయితది. అంతా అయితదని నేను మాట ఇయ్యలేను" అన్నారు.

బయటికి వచ్చాక చేతులు జోడించి, సెలవు తీసుకుంటానన్నాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ముందే చెప్పుకున్నాను. సుగుణమ్మ గారు కదలనివ్వలేదు.

"ఆరున్నరకు మా ఇంట్ల భజన. నేను చెడగొట్టిన ఐదుగురు వస్తరు. వాళ్లకు నేను చెప్ప. నువ్వే చెప్పు."

చెప్పాను. చాప మీద ఐదుగురు, గోడకు ఆనుకుని సుగుణమ్మ గారు, ఆమె తలపైన నా వ్యాసం. క్లాసులో యాభై మంది ముందు తడబడని నేను అక్కడ రెండుసార్లు ఆగిపోయాను. అయిపోయాక రాజవ్వ అనే పెద్దావిడ భజన తాళాలు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"గప్పుడు గట్ల రాసినవు, ఇప్పుడు గిట్ల చెప్తున్నవు. ఏది నమ్మాలె మేము?"

"నన్ను నమ్మకండి అవ్వా. సోమవారం రక్తంలో బి12 పరీక్ష చేయించుకోండి. డాక్టరమ్మ ఏం చెబితే అది చేయండి."

"అయితే నువ్వు గింత దూరం వచ్చుడెందుకు?"

ఇంకొకామె మెల్లగా తన అరిచేతులు రుద్దుకుంటూ, "నాకు గూడ చేతులు మొద్దుబారుతున్నయి, మీకెవ్వలకు చెప్పలే" అంది. అప్పుడు అందరూ ఆమె వైపు తిరిగారు. నేను అక్కడ ఉన్నానన్నది మరిచిపోయారు. సుగుణమ్మ గారు గోడ పట్టుకుని లేచి, ఆ వ్యాసం దించి, బోర్లించి గూట్లో పెట్టారు. నేను ఇంట్లోంచి వస్తుంటే ఎవరూ గుమ్మం దాకా రాలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆర్మూరు బస్టాండులో హైదరాబాద్ బస్సు. ఈసారి కూర్చోవడానికి ఎటు దొరికినా పట్టించుకోలేదు. ఇందల్వాయి టోల్‌గేటు దగ్గర వారపత్రిక సంపాదకుడికి ఫోన్ చేశాను. "రెండేళ్లయింది మేడం, ఎవరికి గుర్తుంటుంది? ఉత్తరాల పేజీలో నాలుగు లైన్లు వేద్దాం" అన్నాడు. అదే పేజీలో, అంతే పెద్దగా, నా ఫోటోతో వేయాలన్నాను. చూద్దామన్నాడు. వేయకపోతే మరోచోట రాస్తానన్నాను. మీరు చదువుతున్నది అదే.

ఆర్మూరు చూడదగిన ఊరు. గుట్టలు బాగుంటాయి, మనుషులు అన్నం పెట్టి మాట్లాడతారు. నేను వాళ్లను చూడటానికి పోలేదు. నా తప్పు చెప్పుకుంటే బరువు తగ్గుతుందన్న ఆశతో పోయాను. తగ్గలేదు. ఇప్పుడు చెప్పినా, తెలిసీ నేను ఊరుకున్నందుకు సుగుణమ్మ గారి కాళ్లకు ఒక ఏడాది పోయింది. అందులో ఎంత తిరిగి వస్తుందో ఎవరికీ తెలియదు.

కామారెడ్డి దాటాక ఫోన్ మోగింది. ఆమే.

"ఏడిదాక పోయినవు?"

"కామారెడ్డి దాటానమ్మా. కాలు ఎలా ఉంది?"

"గట్లనే ఉంది. రేపు రెండో సూది. నీ మీద కోపంతోని ఉన్న నేను. కోపం తగ్గినంక నేనే చేస్త. గప్పటిదాక నువ్వు ఫోన్ చెయ్యకు."

సరేనన్నాను.

ఇది రాసేనాటికి అయిదు వారాలైంది. నేను ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు.